పాలచెంబు పక్కన పెట్రోలు ట్యాంకు

పోయినవి ముందు చెప్పేస్తాను.

ముప్పై ఒక్క గ్యాలన్ల పెట్రోలు, కొంత నేలలోకి, కొంత గాలిలోకి. ముందుసీటు దిండు ఒకటి, లోపలున్న కొబ్బరిపీచుతో సహా. నా పంచెలు రెండు. దారి మధ్యలో దిగిపోయి మళ్ళీ మా కారు ఎక్కనివాళ్ళు పదిహేడు మంది. మా బావ ఎడమ కనుబొమ్మ; అది ఐదు నెలలకు తిరిగి మొలిచింది గనక పూర్తిగా పోయినట్టు రాయడం న్యాయం కాదు. ఒక శేరు పచ్చిపాలు.

ఇదంతా ఆరు నెలల్లో పోయింది. మొదటి ఐదింటి గురించి ఇప్పుడు నాకు పెద్దగా బాధ లేదు. ఆరోదాని సంగతే ఇది.

నేను గుడివాడలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. చదువు మూడో తరగతితో ఆగింది. తర్వాత నేర్చుకున్న భిన్నాలు, కొలతలు, సరాసరులు అన్నీ బస్తాల మధ్య నిలబడి సొంతంగా నేర్చుకున్నవే. ఎవరైనా నా ముందు ‘సుమారుగా’ అంటే చెవిలో చీమ దూరినట్టు ఉంటుంది. మా అక్క మొగుడు, అంటే మా బావ, బందరులో ఒక షావుకారు దగ్గర కారు తోలడం నేర్చుకుని వచ్చాడు. యుద్ధం రావడానికి రెండేళ్ళ ముందు ఇద్దరం కలిసి బందరులో ఒక ప్లీడరు గారి పాత కారు కొన్నాం, బాడుగలకు తిప్పుదామని. బావ తోలేవాడు. మిల్లుకు మంగళవారం సెలవు గనక ఆ రోజు నేను కూడా పక్కన కూర్చుని వెళ్ళేవాణ్ణి.

ఆ రోజుల్లో అలాంటి కార్లకు పెట్రోలు ట్యాంకు ముందుసీటు కిందే ఉండేది. దిండు ఎత్తితే మూత కనిపిస్తుంది. మూత తీసి, గీతలు పెట్టిన వెదురు పుల్ల లోపల ముంచి, ఎంతవరకు తడిసిందో చూసుకోవాలి. ఆ పుల్ల నేనే చేశాను. పది గ్యాలన్లకు పది గీతలు, గీతకూ గీతకూ మధ్య మూడు చిన్న గాట్లు. పావు గ్యాలను దాకా నమ్మకంగా చెప్పగలిగేవాణ్ణి.

కారు అప్పగించేటప్పుడు ప్లీడరు గారు, “కొంచెం వాసన ఉంటుందయ్యా, అలవాటవుతుంది,” అన్నారు. ఎంత వాసన అని అడగలేదు నేను. కాటా దగ్గర పనిచేసేవాడు చేయవలసిన పొరపాటు కాదది.

మొదటి వారంలోనే తెలిసింది. ట్యాంకు అడుగున, వెనక మూల, రేకు రేకును కలిసే అతుకు దగ్గర చెమట పట్టినట్టు తడి. ఆ తడి పోగై చుక్కవుతుంది. చుక్క జారుతుంది. రాత్రి పుల్ల ముంచి, పొద్దున్న మళ్ళీ ముంచితే ఒక గాటు తగ్గేది. ఎక్కినవాళ్ళు ముందు ముక్కు మూసుకునేవాళ్ళు, తర్వాత తల తిరుగుతోందనేవాళ్ళు, పామర్రు దగ్గర దిగి చెట్టు కింద వాంతి చేసుకునేవాళ్ళు. “పేరే కారు కదండీ, కారక ఏం చేస్తుంది?” అనేవాళ్ళు కొందరు. ఈ మాట నేను పదకొండు మంది నోట విన్నాను. పదకొండో ఆయన కూడా తనకే కొత్తగా తట్టినట్టు చెప్పి నవ్వాడు.

ముందుగా గిలకలదిండి వెళ్ళాం. అక్కడ సముద్రం మీదికి వెళ్ళే పడవలకు గుగ్గిలం నూరి, నూనెలో కాచి, చెక్కల సందుల్లో పట్టించే ఒక పెద్దాయన ఉన్నాడు. పడవ సందులు మూసేవాడికి రేకు సందు ఒక లెక్కా అనుకున్నాం. ఆయన కారు కింద దూరి చూసి బయటికి వచ్చి, “సముద్రమంతా తోసినా లోపలికి రాదు నేను పట్టిస్తే. మీ చెంబెడు పెట్రోలు బయటికి ఎలా వస్తుందండీ?” అన్నాడు.

రోజున్నరలో వచ్చింది. ఈసారి తెల్లగా కాదు, టీ రంగులో. గుగ్గిలాన్ని కూడా కరిగించుకుని వచ్చింది. మళ్ళీ వెళ్ళి చెప్తే ఆయన, “అయితే అది నీళ్ళకన్నా పాపిష్టిది,” అన్నాడు. తప్పు ఆయనది కాదు. మా తీరప్రాంతంలో కారడం అంటే నీళ్ళు కారడమే. పెట్రోలుకు వేరే స్వభావం ఉంటుందని మాకు ఎవరికీ తట్టలేదు.

బావ కనుబొమ్మ పోయింది కూడా అప్పుడే. సాయంత్రం పాకలో వెలుతురు చాలక, చుక్క ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని కారు కింద పడుకుని అగ్గిపుల్ల గీశాడు. నేను పాక గుమ్మంలో ఉన్నాను. నేలమీద తడిసిన చోట మాత్రమే భగ్గుమంది, ట్యాంకు దాకా పోలేదు. ఇసుక గుమ్మరించి ఆర్పాం. మా అక్క వచ్చి అతని మొహం చూసి, “ఒక కనుబొమ్మతోనే సరిపెట్టిందా? దయగల కారే,” అంది.

సబ్బు సలహా ఇచ్చింది బందరు మోటారు స్టాండులో ఒక ముసలి డ్రైవరు. బట్టల సబ్బు తీసుకుని, చేత్తో మెత్తగా పిసికి, అతుకు మీద బొటనవేలితో గట్టిగా అదిమిపెట్టమన్నాడు. పెట్రోలు తగిలే కొద్దీ అది గట్టిపడుతుందే తప్ప కరగదట. అలాగే చేశాం. నాలుగు రోజులు పుల్ల ముంచి చూశాను. ఒక్క గాటు తగ్గలేదు. వాసన పోయింది. నేను మిల్లులో అందరికీ చెప్పుకున్నాను.

అప్పటికి మాకు మోపిదేవి బాడుగలు మొదలయ్యాయి. గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి మీదుగా మోపిదేవికి ముప్పై రెండు మైళ్ళు. మంగళవారం సుబ్రహ్మణ్యస్వామికి మంచి రోజు. పిల్లలు లేనివాళ్ళు, పుట్టిన పిల్లలు నిలవనివాళ్ళు పుట్టలో పాలు పోస్తామని మొక్కుకుని వచ్చేవాళ్ళు. మంగళవారం ఒక్క బాడుగ దొరికితే మిగతా వారమంతా నడిచినట్టే.

కాని మంగళవారం వచ్చేసరికి వాసన వచ్చేది. బుధవారం మళ్ళీ సబ్బు పెట్టేవాణ్ణి. గురువారం నుంచి ఆదివారం దాకా చుక్క ఉండేది కాదు. మళ్ళీ మంగళవారం చల్లపల్లి చేరేలోపు దిండు తడిసేది. రెండు మూడు సార్లు అయ్యాక జనం తమ లెక్క తాము వేసుకున్నారు. గుడివాడ కాఫీ హోటల్లో ఒకాయన అందరికీ వినపడేలా, “బందరు వెళ్తే కారదు, ఉయ్యూరు వెళ్తే కారదు. మోపిదేవి అనగానే కారుతుంది. నాగేంద్రస్వామికి ఆ బండి ఇష్టం లేదండీ,” అన్నాడు. మరొకాయన, “పామును తొక్కి ఉంటారు ఎక్కడో,” అన్నాడు.

బావ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. “తొక్కామేమో,” అన్నాడు ఇంటికి వస్తూ. “తోలేవాణ్ణి నేను. అన్నీ కనిపిస్తాయా?”

“తొక్కితే ఒక రోజు కారుతుంది. వారం వారం మంగళవారానికి గుర్తుపెట్టుకుని కారుతుందా?” అన్నాను.

అలా తొమ్మిదో మోపిదేవి బాడుగ ఒక పెద్దావిడది. గుడివాడకు రెండు మైళ్ళ దూరంలో ఊరు. అరవై ఏళ్ళు ఉంటాయి. మేము అత్తయ్యగారూ అని పిలిచేవాళ్ళం. నాకు అప్పటికి నలభై మూడు దాటినా ఆవిడ నన్ను అబ్బాయీ అనే పిలిచేది. ఆవిడ కూతురికి రెండు కాన్పులు పోయాయి. మూడోసారి కడుపుతో ఉంది. వరసగా ఐదు మంగళవారాలు, సొంత ఆవు పాలు, పచ్చివి, ఒక శేరు, స్వామి పుట్టలో పోస్తానని మొక్కుకుంది. ఎడ్లబండి మీద వెళ్తే దారిలోనే పాలు విరుగుతాయి. రైలెక్కి బందరు వెళ్ళి అక్కడి నుంచి బండి కట్టుకున్నా మధ్యాహ్నం దాటుతుంది. తెల్లవారుజామున పితికి కారెక్కితే మాత్రం రెండు గంటల్లోపు పుట్ట దగ్గర ఉండవచ్చు. ఆవిడ ఆ లెక్క మా దగ్గరకు వచ్చే ముందే వేసుకుంది. అందుకే నాకు ఆవిడ మీద మొదటి రోజే గౌరవం కలిగింది.

ఇత్తడి చెంబు, దాని మీద మూత, మూతమీద తడిగుడ్డ. వెనకసీటులో కాళ్ళ మధ్య పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. పామర్రు దాటాక వాసన మొదలైంది. ఆవిడ చీర చెంగు తీసి చెంబు చుట్టూ ఇంకొక చుట్టు చుట్టింది. ముక్కుకు ఏమీ అడ్డం పెట్టుకోలేదు.

గుడి దగ్గర దిగి గుడ్డ విప్పి, మూత తీసి వాసన చూసింది. తర్వాత చెంబు నా మొహం దగ్గరకు తెచ్చింది.

“చూడు.”

చూశాను. పాలవాసన లేదు. మా పాకలో వాసన ఉంది.

“నేను తాగని పాలు స్వామికి పోయను,” అని, దారి పక్కన నేలమీద పోసేసి, చెంబు బావి దగ్గర మూడుసార్లు కడుక్కుని వచ్చి కారెక్కింది. ఇంటి ముందు దిగాక అడిగింది.

“మొదటి వారం లెక్కలోకి రాదు. వచ్చే మంగళవారం నుంచి ఐదు. వస్తారా?”

బావ నా మోచేతి మీద గిల్లాడు. వద్దనమని.

“వస్తామండీ. ఐదు మంగళవారాలూ మా కారులోనే, వాసన లేకుండా, గుడి ముందు దింపుతాం,” అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళాక బావ, “ఎవరిని అడిగి మాటిచ్చావు?” అన్నాడు. “స్వామి వద్దంటున్న బండి.”

“స్వామి సంగతి ఆరు రోజుల్లో తేలుస్తాను,” అన్నాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు మిల్లులో మధ్యాహ్నం భోజనం వేళ ఒక కాగితం తీసుకుని, గుర్తున్నవీ పుల్ల లెక్కలో రాసిపెట్టుకున్నవీ కలిపి, మూడు నెలల బాడుగలు వరసగా వేశాను. ఇరవై ఆరు. మోపిదేవివి తొమ్మిది, మిగతావి పదిహేడు. పక్కన కారిందా, కారలేదా అని గుర్తులు పెట్టాను. మోపిదేవి వెళ్తే కారుకు మూడున్నర గ్యాలన్లు పట్టాలి. ఐదు పట్టింది, తొమ్మిదిసార్లూ. అంటే ప్రతిసారీ గ్యాలనున్నర నేలపాలు. తొమ్మిదిసార్లకు పదమూడున్నర. మిగతా రోజుల్లో పోయిన పదిహేడున్నర కలిపితే మొదట చెప్పిన ముప్పై ఒకటి.

ఇంతవరకు కాఫీ హోటలు ఆయన చెప్పిందే రైటు. తొమ్మిదికి తొమ్మిది. కాని మిగతా పదిహేడులో కూడా ఒకటి కారింది. ఆ ఒక్కదాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. బందరు బాడుగ. శుక్రవారం. స్వామికి సంబంధం లేదు, మంగళవారం కాదు. మరి ఆ రోజు ఏం జరిగింది? పెళ్ళి. పెళ్ళికొడుకును తీసుకువెళ్ళాం. పూలదండలు కట్టాం. కట్టే ముందు కడిగాం.

అక్కడ నా వేలు ఆగింది.

మోపిదేవి వెళ్ళే ముందు రోజు, ప్రతి సోమవారం సాయంత్రం, బావ కారును కాలవ దగ్గరకు తోలుకెళ్ళేవాడు. పశువులు దిగే రేవులో ఏటవాలుగా వెనక్కి దింపి, ఇరుసు దాకా నీళ్ళలో నిలబెట్టి, ఎద్దును కడిగినట్టు కడిగేవాడు. దేవుడి దగ్గరకు వెళ్ళే బండి మైలగా ఉండకూడదని. దిండ్లు తీసి ట్యాంకు మీద కూడా బిందెలతో నీళ్ళు గుమ్మరించేవాడు. తర్వాత పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. మిగతా బాడుగలకు తడిగుడ్డతో తుడిచేవాడు, అంతే.

సబ్బు నీళ్ళకు కరుగుతుందని నాకు తెలియదా? రోజూ ఒంటికి రుద్దుకునేవాణ్ణే. కాని కారు కింద పెట్టిన క్షణం నుంచి అది నా కంటికి సబ్బుగా కనిపించలేదు. మందుగా కనిపించింది. మందును నీళ్ళు ఏం చేస్తాయి అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఆ ప్రశ్నే రాలేదు.

సాయంత్రం బావను అడిగాను. “సోమవారం కడిగేటప్పుడు ట్యాంకు కింద కూడా తోముతావా?”

“తోమకుండా? కొబ్బరిపీచు పెట్టి తోముతాను. వెనక మూల ఏదో పసుపుపచ్చగా అంటుకుని ఉంటుంది, ఎంతకీ వదలదు. గోటితో గీకుతాను.”

“అది నేను పెట్టిన సబ్బు.”

బావ తన గోళ్ళు చూసుకున్నాడు. “నువ్వు సబ్బు పెట్టింది ముందు పక్కననుకున్నాను,” అన్నాడు.

కారణం దొరికింది గాని గొడవ తీరలేదు. కడగకుండా వెళ్దామంటే బావ ఒప్పుకోలేదు. “కారితే కారనీ. నాలుగు ఊళ్ళ పేడ చక్రాలకు పెట్టుకుని స్వామి గుమ్మంలోకి నేను తోలను. ఇప్పటికే పాముని తొక్కామంటున్నారు. కడగడం కూడా మానేశారంటే ఇక మనల్ని ఊళ్ళోకి రానిస్తారా?”

“నీళ్ళు పోస్తే పాలు చెడతాయి.”

“పొయ్యకపోతే మైల.”

రెండు రోజులు ఇదే. చివరికి ఇద్దరం అత్తయ్యగారి దగ్గరకు వెళ్ళి, జరిగింది మొదటి నుంచి చెప్పాం. ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విని బావను అడిగింది.

“నువ్వు గుళ్ళోకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఏం కడుక్కుంటావు నాయనా?”

“కాళ్ళండీ.”

“పొట్ట కడుక్కుంటావా?”

“లేదండీ.”

“దానికీ కాళ్ళే కడుగు.”

అలా తీరింది. సోమవారం సాయంత్రం బావ కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, పాక ముందే నాలుగు చక్రాలూ శ్రద్ధగా కడిగి, వాటికి పసుపు రాసి, బొట్లు పెట్టాడు. పై భాగం తుడిచాడు. ట్యాంకు దగ్గరకు నేను అతన్ని రానివ్వలేదు. కొత్తగా సబ్బు పిసికి అదిమాను. మంగళవారం మొదటి వారం లెక్కలోకి వచ్చింది. గుడి ముందు ఆవిడ మూత తీసి చూసి, నాకు చూపించకుండానే లోపలికి వెళ్ళింది. అంతకన్నా మెప్పు నాకు అక్కర్లేదు.

కాని సబ్బును నమ్ముకుని ఐదు వారాలు ఉండలేను. వాన పడితే? మడుగులో దిగితే? ట్యాంకు విప్పి, అతుకుకు తగరంతో మాటు వేయించాలని నిశ్చయించాను. గుడివాడలో మాటు వేసే పనివాళ్ళు ముగ్గురు. ముగ్గురూ పెట్రోలు మాట వినగానే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మూడో అతను బావ కనుబొమ్మ వంక చూపించి, “ఇది దానివల్లేనా అండీ?” అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

“ట్యాంకులో వాసన లేకుండా తెస్తే వేస్తావా?”

“వాసన లేకపోతే బిందెకు వేసినట్టే వేస్తాను.”

పొంతకుండలో నీళ్ళు మరగకాచి ట్యాంకు నిండా పోశాం. పారబోశాం. మళ్ళీ పోశాం. ఐదుసార్లు. రెండు రోజులు మూత తీసి ఎండలో బోర్లించాం. మూడో రోజు నేను మూతి దగ్గర ముక్కు పెట్టి వందదాకా లెక్కపెట్టాను. రేకు వాసన తప్ప ఏమీ లేదు. అయినా అతను, మాటు వేయాల్సిన అతుకు పైకి వచ్చేలా తిప్పి, మిగతా ట్యాంకు నిండా నీళ్ళు పోయించి, అప్పుడు కాల్చిన కడ్డీ పట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. నిలబడకపోతే అతను వేసేవాడు కాదు. అతుకు పొడవునా తగరం మెరుస్తూ పరుచుకుంది. ట్యాంకు ఆరాక పెట్రోలు పోసి, ఒక రాత్రీ ఒక పగలూ పుల్ల ముంచి చూశాను. గాటు కదల్లేదు.

రెండో మంగళవారం, మూడోది, నాలుగోది. పాలు పాలలాగే చేరాయి. కాఫీ హోటలు ఆయన, “స్వామి కోపం తగ్గిందండీ,” అన్నాడు. మాటు వేసినట్టు చెప్పాను. “స్వామే వేయించాడు,” అన్నాడు. ఆయనతో లెక్క కుదరదని వదిలేశాను. మోపిదేవి వెళ్ళేవాళ్ళు మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. ఈ ఐదు వారాలూ అత్తయ్యగారికే అని చెప్పి పంపించాం.

ఐదో మంగళవారం నేను నిశ్చింతగా కూర్చున్నాను. అది రెండో పొరపాటు. ఆ వారం చల్లపల్లి రోడ్డు మీద కొత్తగా కంకర పోసి ఉంది, ఇంకా అణగలేదు. కారు అడుగడుగునా ఎగిరిపడుతోంది. చల్లపల్లి దాటిన కాసేపటికి నా ముక్కుకు తగిలింది. ముందు నమ్మలేదు. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్యగారు అప్పటికే చెంబు ఒళ్ళోకి తీసుకుని ఉంది.

“ఆపు,” అంది బావతో.

దిండు ఎత్తాను. మాటు వేసిన అతుకు పొడిగా ఉంది. ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్ళే రాగి గొట్టం, అది ట్యాంకుకు కలిసే ఇత్తడి మర, ఆ కుదుపులకు వదులైంది. అక్కడి నుంచి సన్నగా దారంలా కారుతోంది. కాళ్ళ కింద పరిచిన గోనెపట్టా తడిసిపోయింది.

బావ రెంచి తీశాడు. “రెండు నిమిషాలండీ. మర బిగిస్తాను. పట్టా బయట పారేస్తాను.”

ఆవిడ అప్పటికే దిగి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, కారుకు ఎదురుగాలి పక్క పది బారల దూరంలో నిలబడింది.

“మీరు బిగించుకోండి. నేను నడుస్తాను.”

“ఎండ ఎక్కుతోందండీ. మూడున్నర మైళ్ళు పైనే.”

“నాలుగు మంగళవారాలు సంపాదించుకున్నాను అబ్బాయీ. రెండు నిమిషాలకు పోగొట్టుకోమంటావా?”

ఆవిడతో నేనూ బయలుదేరాను. చెంబు పట్టుకుంటానంటే, “నీ చేతులు దూరంగా పెట్టు,” అంది. వాసన చూసుకున్నాను. నిజమే. నేను గొడుగు మాత్రం పట్టాను, అది కూడా కర్ర చివర పట్టుకుని. ఆ రోడ్డు మీద ఫర్లాంగుకు, అంటే మైలులో ఎనిమిదో వంతుకు, ఒక రాయి ఉంటుంది. దిగిన చోటు సరిగ్గా ఒక రాయి పక్కన. అక్కడి నుంచి లెక్కపెట్టాను.

బావ మర బిగించి, పట్టా పారేసి, కారు నిమ్మళంగా మా వెనక తోలుకొచ్చాడు. దగ్గరికి రావద్దని ఆవిడ చెయ్యి ఊపితే అర ఫర్లాంగు వెనకే ఉండిపోయాడు. పొలాలకు వెళ్ళే ఆడవాళ్ళు గట్టు మీద ఆగి చూశారు. ఒకామె, “అదేంటి మావయ్యా, మనుషులు ముందు నడుస్తుంటే కారు వెనక వస్తోంది? దారి చూపిస్తున్నారా దానికి?” అంది. ఇంకొకామె, “అద్దె ఇవ్వలేదేమోలే, దింపేశాడు,” అంది. అత్తయ్యగారు నవ్వింది. నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

ప్రతి నాలుగు రాళ్ళకూ దారి పక్క బోదె కాలవలో గుడ్డ తడిపి మళ్ళీ చెంబుకు చుట్టింది. కూర్చోలేదు. మధ్యలో ఒకసారి, “ఎన్ని అయ్యాయి?” అని అడిగింది. “పదిహేడు రాళ్ళండీ, ఇంకా పన్నెండు,” అన్నాను. “రాళ్ళు కాదు, గంట ఎంతైందని,” అంది. నేను గంట చూసుకోలేదు. రాళ్ళే చూశాను.

గుడి ముందు నిలబడి గుడ్డ విప్పి, మూత తీసి, వాసన చూసి, చెంబు నా మొహం దగ్గరకు తెచ్చింది.

“చూడు.”

చూశాను. పాలు. ఆవు, గడ్డి, కొంచెం ఇత్తడి. ఇంకేమీ లేదు.

పుట్టలో పోసి బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని అరికాళ్ళు ఒత్తుకుంటూ అంది. “స్వామి లెక్క సరిపోయింది. నీ లెక్క సరిపోలేదు. ఐదు మంగళవారాలూ కారులో గుడి ముందు దింపుతానన్నావు. నాలుగు మంగళవారాలు దింపావు. ఐదోది ఎంత బాకీ?”

“ఇరవై తొమ్మిది ఫర్లాంగులండీ,” అన్నాను. “వచ్చే వారం మర బాగు చేయించి మళ్ళీ తీసుకొస్తాం. అద్దె వద్దు.”

“ఇప్పుడు కాదు. అమ్మాయికి పిల్ల పుట్టాక, ఆ పిల్లను కూడా ఎక్కించుకుని తీరుస్తువుగాని. గుర్తుపెట్టుకో.”

మర బాగు చేయించాను. కింద తోలు బిళ్ళ తీసేసి సీసం బిళ్ళ వేయించాను. మర కదలకుండా రాగితీగ చుట్టించాను. ఆ తర్వాత కారు చుక్క పెట్రోలు వదల్లేదు. అత్తయ్యగారి కూతురికి ఆడపిల్ల పుట్టింది. నిలిచింది. అది స్వామి లెక్కో, మంత్రసాని లెక్కో, నాకు తెలియదు, అందులో నేను వేలు పెట్టను. పిల్ల మెడ నిలబడ్డాక వెళ్దామన్నారు. తర్వాత అడుగులు వేశాక వెళ్దామన్నారు. ఈలోపు యుద్ధం వచ్చింది. పెట్రోలు కూపన్ల మీదికి వెళ్ళింది. మాకు దొరికినది డాక్టరు గారి బాడుగలకే సరిపోయేది, తర్వాత దానికీ చాలలేదు. కారును ఇటుకల మీదికి ఎక్కించి, చక్రాలు విప్పి, అటక మీద పెట్టాం. బావ మిల్లు లారీ తోలడానికి కుదిరాడు.

ఆ పిల్లకు ఇప్పుడు ఐదో ఏడు. మొన్న ఆ దారిన వెళ్తుంటే అరుగు మీద అత్తయ్యగారి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడ నన్ను చూసి పిల్లతో, “ఇడుగో, మనకు బాకీ ఉన్న అబ్బాయి,” అంది.

“మోపిదేవికి ఇప్పుడు బస్సు వెళ్తోందండీ. రేపు మంగళవారమే వెళ్దాం. టిక్కెట్లు నేను కొంటాను,” అన్నాను.

“బస్సు నీదా?”

“కాదండీ.”

“మరి?”

కూపన్లు తీసేస్తారేమోనని రోజూ పత్రికల్లో చూస్తున్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున పాకలోకి వెళ్ళి, ముందుసీటు దిండు ఎత్తి, మూత తీసి, ముక్కు పెట్టి చూస్తాను. ఖాళీ ట్యాంకులో కూడా మాటు గట్టిగానే ఉంది. మర చుట్టూ రాగితీగ చిలుము పట్టకుండా గుడ్డతో తుడుస్తాను. వెదురు పుల్ల దాని పక్కనే ఉంది. కూపన్లు ఎత్తేసిన రోజున చక్రాలు దింపుతాను, నాలుగు కాళ్ళూ కడుగుతాను, పిల్లనూ అత్తయ్యగారినీ వెనక కూర్చోబెడతాను, చల్లపల్లి దాటాక ఆ రాయి దగ్గర కారు ఆపి, వాళ్ళను అక్కడి నుంచి లెక్కపెట్టమంటాను.

అంతవరకు బాకీ మూడు మైళ్ళ ఐదు ఫర్లాంగులు.